గచ్చు మీద నెమలి

పాలకొల్లు లాకులు దాటాక
కొబ్బరి గోడౌనుకి చేరగిలబడిన
ఒంటిగది మాది.
ఇటు తొమ్మిదడుగులు, అటు ఎనిమిది.
టేపు ఎప్పుడూ నా మెడలోనే ఉంటుంది కాబట్టి
ఈ లెక్కలో తేడా రాదండి.

కిటికీ ఒకటే. దాని కింద మిషను.
మూత వేస్తే అన్నాల బల్ల,
తీస్తే నా కొట్టు.
పరీక్షలప్పుడు మా మంగతాయారు పుస్తకం
నా సూది పక్కనే తెరుచుకుంటుంది.
ఓసారి దాని రికార్డు కాయితాన్ని
ఎవరిదో చీరంచుతో కలిపి కుట్టేశాను.
మాస్టారు ఏమన్నారో అది చెప్పలేదు,
నేనూ అడగలేదు.

సాదా జాకెట్టుకైతే ఒళ్ళో చోటు చాలు.
గచ్చు కావల్సింది ఎవరూ అడగని వాటికి.
కంచాలు కడిగి, పొయ్యి చల్లారాక
నేల తుడిచి, విసనకర్రతో తడార్చి
మోకాళ్ళ మీద వంగి
సుద్ద పడతాను.
మోచేతి దాకా పాకే పొట్లతీగ,
పేరుపాలెం ఇసకలో కెరటం వెనక్కెళ్తూ
వదిలిన వంకర
(మెడకి ఎంత బాగుంటుందో అది!),
లంకలో ఏటి కోతకి సగం ఒరిగిన అరటిచెట్టు.
పదయ్యేసరికి చాపలు పరవాలి.
తడిగుడ్డతో చెరిపేస్తాను.
చెరిపే ముందు కళ్ళు మూసుకుని
వేలితో గాల్లో ఒక్కసారి గీసుకుంటాను,
చెయ్యి మర్చిపోకుండా.

"పెద్ద గది చూసుకోరాదూ" అంటారు
లేసు కొట్టు వరాలమ్మగారు.
ఈ గదికే మూణ్ణెల్ల బాకీ అని
ఆవిడకి తెలుసు.

ఆ రాత్రి ముసురు.
లాకు తలుపుల దగ్గర గుర్రపుడెక్క
గుట్టగా పేరుకుపోయింది,
కాలవ గొంతు మారింది.
పది దాటింది, పదకొండూ దాటింది.
నెమలి మెడ కుదిరింది.
ఎన్నాళ్ళుగానో కుదరని ఆ చిన్న విరుపు,
పిలిస్తే తిరిగినట్టు, తిరిగితే అలిగినట్టు,
అదిగో, గచ్చు మీదకి దానంతటదే వచ్చింది.
చెరపడానికి చెయ్యి రాలేదు.
మంగ మిషను కింద ముడుచుకుని పడుకుంది.

లారీకి కాయ ఎత్తి వచ్చాడు మావుళ్ళు.
గుమ్మంలో నీళ్ళు కారుతూ నిలబడ్డాడు,
అడుగెక్కడ వెయ్యాలో తెలీక.
"ఏటిది?"
"నెమలి."
"తోకేదీ?"
"గోడ అడ్డొచ్చింది."
తడిచొక్కా విప్పి పిండుతూ
కాసేపు గోడకేసి చూశాడు.
"అయితే ఎక్కించెయ్."

ఆరేళ్ళుగా ఆ గోడ దగ్గర ఆగిపోతున్నాను.
నాకెందుకు తోచలేదో!
సుద్ద ముక్క గచ్చు దాటింది,
ఇటిక పెచ్చులూడిన చోట కన్నులు పెట్టుకుంటూ
క్యాలెండరు పక్కనించి
ఉట్టి దాకా వెళ్ళింది తోక.
ఆయన ఆ మూల గోడకి అతుక్కుని
దారప్పోగులా పడుకున్నాడు.

నిద్రకేం తెలుసు? దొర్లాడు.
తెల్లారి లేచేసరికి
గచ్చు మీద తోకే ఉంది, మెడ లేదు.
మనిషీ లేడు.

న్యూస్‌పేపరు, పెన్సిలు పట్టుకుని
గోడౌనుకి పరిగెత్తాను.
గుంపంతా నవ్వుతోంది.
చెమటకి ఇంకా కరగని నెమలి
ఆ వీపు మీద.
నేను గీసింది ఎడమకి చూసే పిట్ట,
ఇది కుడికి చూస్తోంది,
బస్తా ఎత్తినప్పుడల్లా
మెడ సాచి మళ్ళీ ముడుస్తోంది.
"కదలకు" అన్నాను.
నెత్తిన బస్తాతో
అలాగే నిలబడ్డాడు,
మేస్త్రీ కేకలేస్తున్నా.

కుడికి చూసేదాన్నే కుట్టాను.

గోడ మీద తోక ఇంకా ఉందండి.
సున్నం కొట్టించడానికి అడ్వాన్సులో
ఆరొందలు కోస్తానన్నారు ఇంటాయన.
కోసుకోమన్నాను.
కోత నాకు కొత్తేంటి.